ఫేడర్ మీద వేలు

ముప్పై రెండేళ్లు వాళ్లకి ఎదురుగానే నిలబడ్డాను,
జనం వీపుల వెనక,
ఒక మడత బల్ల, ఎస్.పి. రోడ్డులో
వాయిదాల మీద కొన్న మిక్సరు,
పక్కన ఫ్లాస్కులో టీ.

బ్యాండు పేరు నైన్త్ క్రాస్.
ఆ పేరు కోసం ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు.
లింగరాజపురంలో వాజిద్ వాళ్ల మేడ మీది రేకుల గది
ఆ అడ్డరోడ్డులో ఉండేది, అంతే.

మొదటి నాలుగేళ్లు నాకు పనే లేదు.
మీటలన్నీ సున్నా దగ్గర పెట్టి
చేతులు కట్టుకుని వినేవాణ్ణి.
లెస్లీ గొంతు మైకుకి బాకీ పడలేదు.
చలపతి, మా చింతామణివాడు,
నన్ను తెలుగులోనే తిట్టేవాడు,
బేస్ తీగ మీద బొటనవేలు ఆనిస్తే
ముందు రేకులు వణికేవి, తరవాత మనుషులు.

డబ్బొచ్చింది. మరీ ఎక్కువేం కాదు,
ఎవరి మానిటరు వాళ్లకి
విడిగా కావాలనిపించేంత.

ఎప్పుడు చెడిందో తేదీ చెప్పలేను.
పాలు విరిగే క్షణాన్ని ఎవరు చూశారు?
కోరమంగళలో ఏదో కంపెనీ వార్షికోత్సవం నాడు
గమనించాను, నా వేలు రెవర్బ్ మీద ఉంది.
అక్కడికి ఎప్పుడు వెళ్లిందో నాకే తెలీదు.
లెస్లీ పై స్వరం అందుకోబోయే ముందే
నేను నీళ్లు కలిపేస్తున్నాను.

పదకొండేళ్లు కలిపాను.
వాజిద్ తప్పిన దెబ్బ మీద
సింబల్ హోరు దుప్పటిలా కప్పాను.
ఫిలోమినా కీబోర్డులో ముందే నింపి తెచ్చిన వయొలిన్లని
ఆమె వేళ్లకన్నా పైన పెట్టాను.
చప్పట్లు కొట్టారు, ఎందుకు కొట్టరు?
పైన పటారం, లోన లొటారం,
ఆ రెంటి మధ్యా కూలికి నేను.
కుర్రాళ్లు పాత చింతకాయ పచ్చడన్నారు.
అదీ నిజం కాదు. పాత చింతకాయకి పులుపుంటుంది.

ఒక రాత్రి వ్యానులో, హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో,
అందరూ నిద్రపోతుంటే చలపతి అడిగాడు,
"ఈపొద్దు మేం బాగా వాయిస్తిమా?"
"సౌండు బాగొచ్చిందిలే" అన్నాను.
బొమ్మనహళ్లి దాటేదాకా వాడు మాట్లాడలేదు.

ఆ తరవాత రెండేళ్లు ఎవరూ నాకు ఫోన్ చేయలేదు.
వాజిద్‌కి భుజం పట్టేసిందని విన్నాను.
సాయంత్రాలు రేకుల గదిలో లైటు వెలుగుతోందని
ఆ పక్కింటి ఆటో ఆయన చెప్పాడు.
నన్ను పిలవలేదు.
ఎందుకు పిలవలేదో అర్థమై, సిగ్గేసింది.

పిలిచిన రోజు కుక్ టౌన్‌లో ఒక బడి హాలు.
తొంభై కుర్చీలు, సగం ఖాళీ.
వాజిద్ ఎత్తు సింబల్ తీసేశాడు, చెయ్యి అంతదాకా లేవదు.
ఉత్త స్టాండు మాత్రం అక్కడే ఉంచాడు.
ఫిలోమినా వయొలిన్లు ఇంట్లో వదిలి వచ్చింది.
లెస్లీ పాటలన్నీ రెండు మెట్లు దించాడు.

మొదటి పాట ఏం బాగాలేదు.
రెండోదానిలో లెక్క తప్పింది, ఆపేశారు.
వాజిద్ నవ్వి, స్టిక్ తొడకి తుడుచుకుని,
మళ్లీ మొదటినుంచి.
మూడో పాటలో
లెస్లీ ఆ పాత ఎత్తు కిందికి వచ్చి ఆగాడు.
నా వేలు వెళ్లింది. అలవాటు.
వెనక్కి లాక్కుని జేబులో పెట్టుకున్నాను.
వాడు ఎక్కలేదు. ఊపిరి తీసుకున్నాడు.
ఆ ఊపిరి మైకులో వినబడింది.
ఆ ఖాళీలోకి చలపతి
ఒకే ఒక్క స్వరం దించాడు, బావిలోకి చేదలా,
తొందర లేకుండా.

వాళ్లే బాగుపడ్డారో
యాభై తొమ్మిదేళ్లకి నా చెవులే మెత్తబడ్డాయో,
ఒట్టేసి చెప్పలేను.
కానీ ఫ్లాస్కు మూతలో పోసుకున్న టీ మీద
సన్నటి వలయాలు లేచాయి,
అంచు తాకి, మళ్లీ మధ్యకి.
టీకి మొహమాటం ఉండదు.

అయ్యాక వైర్లు చుడుతుంటే చలపతి వచ్చాడు.
ఎట్లుందని అడుగుతాడేమోనని చూశాను.
"టీ ఉందా?" అన్నాడు.
"తాగడం మరిచిపోయాను, చల్లారిపోయింది."
"పొయ్యి" అని చెయ్యి చాపాడు.