పవర్గం

అరుణాచలం రోడ్డులో మెస్సు పైన మూడో అంతస్తు.
చెప్పులు బయటే విప్పాలి.
లోపల కొరియా.

ఎప్పటి రాజ్యమో. గడ్డి కప్పులు, కాగితం తలుపులు,
కాగితం వెనక నూనెదీపం.
చనిపోయిన భార్య వాన రాత్రుల్లో వచ్చి
గడప ముందు నిలబడుతుంది. తట్టదు.
తడితే కాగితం చిరుగుతుందని భయం, దెయ్యానికి!
ఆ భయం నచ్చి ఒప్పుకున్నానీ పాత్ర.
(కాల్షీటుకి రెండువేల ఐదొందలు కూడా అనుకోండి.)

ముప్పై ఏళ్ళుగా ఇదే నా పని,
ఎవరి నోట్లోనో నా గొంతు పెట్టి రావడం.
మొదటి పాఠం గోవర్ధనం గారే చెప్పారు:
"అర్థం తరవాత చూసుకోవచ్చమ్మా,
ముందు పెదవులు చూడు.
అవి మూసుకున్న చోట ప ఫ బ భ మ,
ఒకటి పడి తీరాలి.
లేకపోతే ఎంత ఏడ్చినా అబద్ధమే."

ఆ భార్య మొగుణ్ణి "యొబో" అని పిలుస్తుంది.
రచయిత "నాథా" అని రాసిచ్చాడు.
గోవర్ధనం గారు కొట్టేసి
పెన్సిల్‌తో "ఏమండీ" అని పెట్టారు.
మూసుకున్న ఆ పరాయి పెదవుల మీద
మ వచ్చి బుద్ధిగా కూర్చుంది.

ఆయన భర్త, నేను దెయ్యం.
అంతకుముందు ఆయన పోలీసు, నేను దొంగ.
ఆదివారం పిల్లల బొమ్మల్లో ఆయన ఎలుగుబంటి, నేను ఉడత.
ఎన్నిసార్లు పెళ్ళాడామో
ఎన్నిసార్లు ఒకరి ఒళ్ళో ఒకరం పోయామో
లెక్క వోచర్లలో ఉంటుంది.
గాజు తలుపు దాటితే
ఆయన సారు, నేను అమ్మా.
వడపళని డిపో దాకా నడిచి
ఆయన బస్సు, నేను షేర్ ఆటో.

ఒక్కసారి, వానలో,
గొడుగు నా మీదికి వంచి
ఏదో అనబోయి
మాట లేకుండా పెదవులు రెండూ మూశారు.
అక్కడ ఏ అక్షరం పడాలో
నాకింకా తెలీదు.

నాలుగో రీలు తరవాత ఆయన రాలేదు.
విల్లివాక్కంలో షామియానా,
వెనక వరసలో నాదొక ప్లాస్టిక్ కుర్చీ.
ఎవరమ్మా మీరని అడిగితే
"ఆఫీసు" అన్నాను.

మిగతా సినిమాకి హైదరాబాదు కుర్రాడొచ్చాడు.
మంచి గొంతే, పాపం.

ఆఖరి దృశ్యంలో వాన ఉండదు.
ఆమె పిలుస్తుంది, వెళ్ళిపోయే ముందు.
రాత్రిపూట పిలుపుకి వెంటనే పలక్కే అనేది మా అమ్మమ్మ,
దెయ్యాలు మూడోసారి పిలవవు
మనుషులే పిలుస్తారు, ఆగి చూడమనేది.
అక్కడా ఆ నమ్మకం ఉందో లేదో,
ఆ మొగుడు మాత్రం తెలిసి తెలిసీ మొదటిసారికే పలుకుతాడు.
మాట కూడా కాదు. నోరు తెరవకుండా, ఊఁ.

కుర్రాడివి ఏడు టేకులు.
ఏడు ఊఁలూ పరీక్షలో జవాబుల్లా ఉన్నాయి.
వాణ్ణి టీకి పంపి ఇళంగో పాత ట్రాకులు తవ్వాడు.
"సార్‌ది ఒకటి ఉందక్కా. రెండో రీలప్పుడు మైకు ఆపలేదు.
మీరేదో అడుగుతున్నారు, ఆయన ఊఁ అన్నారు."

ఏమడిగానో.
వాన తగ్గిందా అనో
డబ్బాలో ఇంకో వడ మిగిలింది తింటారా అనో.

"పోలామా అక్కా?"
ఎర్రదీపం.
తెర మీద తెల్లచీర లాంటిదేదో కట్టుకుని చచ్చిపోయింది నేను.
అద్దానికి ఇవతల మోకాళ్ళ నొప్పులతో నిలబడిందీ నేనే.
ఏమండీ, అన్నాను.
"ముందొచ్చింది అక్కా. ఇంకోటి."
ఏమండీ.
"లేటు."

కళ్ళజోడు తీసేశాను. తెర అలుక్కుపోయింది.
ఎవరి పెదవులూ కనబడలేదు.
మూడోసారి పిలిచాను.

చెవుల్లో, చాలా దగ్గరగా,
ఊఁ అన్నారు.

ఇళంగో ఇటు తిరగలేదు.
ఫైలు సేవ్ చేస్తూ
చాలాసేపు సేవ్ చేస్తూనే ఉన్నాడు.