జుల్మానా మాఫీ

కాకతీయ యూనివర్సిటీల సీటొచ్చిందంటే
మా నాయిన అడిగిన మొదటి మాట:
'పుస్తకాలు సర్దుడుకు సుత చదువున్నదా బిడ్డా?'

ఉన్నది నాయినా.
ఎనుమాముల మార్కెట్ల నువ్వు
ఘాటుకు తుమ్ముకుంట తుమ్ముకుంట
తేజ ఒక దిక్కు, చపాట ఒక దిక్కు, తాలుగాయ ఒక దిక్కు
బస్తాలు పేరుస్తవు గదా,
గసొంటిదే.

నవ్విండు.
'అయితే హమాలి సంఘంల పేరు రాయించుకో మరి.'

ఇన్నారెడ్డి సార్ బోర్డు మీద
ముగ్గుకు పెట్టినట్టు ఒక చుక్క పెడతడు.
ఇవతల మూడంకెలు, అవతల ఎన్నయినా.
లోకంల ఉన్నదంత పది ఇండ్లల్ల పడుతదట.
పత్తి 633.51
అప్పు 332.7
రెండిటి నడుమ మూడు వందల అంకెల దూరం.
మా దిక్కు గంత దూరం ఎన్నడు లేదు.

మాలోతు జ్యోత్స్న లేచి అడిగింది:
'మా అవ్వ తండల పాడే పాటకు నెంబరుంటదా సార్?'
'ఎవలన్న రాస్తే ఉంటది.'
ఆమె కూసున్నది.
ఆ గంటంత నోట్సు రాయలే.

రెండో సెమిస్టర్ల కలుపు తీసుడు నేర్పిండ్రు.
నిజంగ అదే పేరు.
పదేండ్లు ఎవ్వలు ముట్టని పుస్తకం
బీరువకు కలుపు.
మా అమ్మ వింటే నవ్వు ఆపదు.
దినాం మూడు వందల యాభైకి
నడుం లేపకుంట ఆమె చేసేది
నేను ఫ్యాన్ కింద నిలబడి చేస్తున్న,
మార్కులకు.

ప్రాక్టికల్‌కు పరకాల పంపిండ్రు.
చదువుకునేటోళ్లంత ఇంటికాడికెల్లి కుర్చీలు తెచ్చుకొని
వరండల గ్రూప్ ఫోర్ బిట్లు బట్టీ కొడుతున్నరు.
బీరువల దిక్కు చూసెటోడు లేడు.
అటెండర్ జాంగీర్ తాళం తీసుకుంట అన్నడు:
'చెదలకు నాకు ఒప్పందం బిడ్డా,
కింది అర వాటిది, పై అర నాది.'

కింది అరల నలభై ఒకటోది
పత్తి పురుగుల పుస్తకం. అట్ట లేదు.
శనగపచ్చ పురుగు బొమ్మ పక్కపొంటి
పెన్సిల్‌తోని ఎవలిదో లెక్క.
ఇత్తులు పదకొండు వందలు
మందు డబ్బలు ఆరు
మల్ల నాలుగు
మిత్తి మూడు రూపాలు
అడుగున గీత కొట్టి ఉన్నది.
గీత కింద ఏం లేదు.

వెనుక చీటి మీద ఆఖరి ముద్ర
11 ఫిబ్రవరి 1998.
నేనింక పుట్టలే.

పాత రిజిస్టర్ కోసం జాంగీర్ స్టూలెక్కిండు.
తీసుకున్నోని సంతకం
కొత్తగ నేర్చినట్టు ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి:
ఎలవేని ఓదెలు.
వాపసొచ్చింది ఐదు నెలలకు.
ఆ గడిల సంతకం లేదు.
వేలిముద్ర. చిన్నది.
సిరా కొంచెం అలుక్కపోయింది.
దాని పక్కన ఎర్ర పెన్నుతోని
అప్పటి లైబ్రేరియన్ చేతిరాత:
జుల్మానా మాఫీ.
కారణం గడి ఖాళీ.

జాంగీర్ దిక్కు చూసిన.
'గప్పుడు నేనీడ లేను' అన్నడు.
కొంచెం ఆగి
'ఉన్నా చెప్పకపోదు' అన్నడు.

సార్ ఇచ్చిన ఫారంల మూడు గడులు:
తీసేయాలె, బైండింగుకు పంపాలె, ఉంచాలె.
ఉంచాలె కాడ టిక్కు కొట్టిన.
కారణం రాయమన్నరు.
వాడుక, సున్న.
ప్రతి స్థితి, శిథిలం.
రాసినవి రెండూ తీసేయమనే చెప్తున్నయి.
కొట్టేసిన.
ఆ ఎర్ర పెన్ను మనిషి లెక్కనే
గడి గట్లనే ఇడిసిన.
ఐదు మార్కులు తెగినయి తర్వాత.

హన్మకొండ బస్సుకు టైమయితున్నది.
సంచి భుజానికేసుకొని ఎనుకకు తిరిగి చూస్తే
జాంగీర్ ఆ పుస్తకాన్ని
కింది అరకెల్లి తీసి
పై అరల పెడుతున్నడు,
ఎవలిదో జీవిత చరిత్రకు, ఒక వంట పుస్తకానికి నడుమ.

నెంబరు ప్రకారం తప్పు.
నేను సర్దలే.