ఇస్త్రీ చేయని మాటలు

క్లాక్స్‌విక్ రేవులో మంచు పడుతోంది ప్రభూ,
చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇప్పుడే దిగాను.
చేతుల నిండా కాడ్ చేప వాసన.
కడుక్కుని వద్దామనుకున్నాను,
నువ్వూ వలలవాళ్ల మధ్య తిరిగినవాడివేనని గుర్తొచ్చి
ఇలాగే కూర్చున్నాను.

ఇన్నేళ్లూ ఆదివారం ఆదివారం
ఇస్త్రీ మాటలే తెచ్చాను నీకు,
పాస్టరుగారి భార్యకి వినబడేంత గొంతుతో.
నువ్వు ఒక్కసారీ కాదనలేదు;
ఔననీ అనలేదు.

ఇవాళ ఉన్నదున్నట్టు చెప్తాను.
పక్క బల్ల దగ్గర నిలబడే సన్వా నవ్వితే
పొద్దున పళ్లు కొరికాను.
ఆమె మొగుడు ఇంటికొస్తాడు, అందుకు.
హానుస్ పడవ తిరిగిరాని రాత్రి
నీతో మాట మానేశాను,
పదకొండు నెలలు.

అయినా దీపం ఆర్పేటప్పుడల్లా
"ఉంటాను మరి" అంటూనే ఉన్నాను, ఎవరితోనో.
ఆయనతో అనుకున్నాను.
నీతోనేనని నిన్న తెలిసింది,
గిన్నె తోముతుంటే.

క్షమించమని అడగాలి, తెలుసు.
నోరు ఇంకా తిరగడం లేదు.
ముందు కాస్త కాఫీ పెడతాను.
అలవాటు చొప్పున చెయ్యి
రెండు కప్పులు దించింది.

రెండోది
ఈసారి లోపల పెట్టెయ్యలేదు.