నైలాన్ పోగు

వవావు దీవిలో మంగళవారం. రేకుల మీద వాన.
పెనిసిమానీ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని
వేళ్ల సందులు తుడిచింది నర్సు కలొలైన్,
తడి మిగలకుండా.

"కళ్లు మూసుకో. తగిలినప్పుడల్లా చెప్పు."

ఆమె చేతిలో సన్నని నైలాన్ పోగు.
నలభై ఏళ్లు అతను సముద్రంలోకి వదిలిన
గాలపు తాడుకు తోబుట్టువే.
ముప్పై బారల లోతున చేప మూతి ఆనిస్తే చాలు,
చూపుడు వేలికి కబురందేది.

"ఆఁ" అన్నాడు బొటనవేలి దగ్గర.
"ఆఁ" అన్నాడు మడమ దగ్గర.
మళ్లీ "ఆఁ" అన్నాడు,
పోగింకా గాల్లోనే ఉంది.

ఆమె ఊపిరి బిగబట్టడం విని
చెబుతున్నాడు, అంతే.

ఈసారి ఊపిరి ఆపలేదు కలొలైన్.
కూతురు బడి ఎగ్గొట్టిన సంగతేదో చెబుతూ
తొమ్మిది చోట్ల ఆనించింది.
వాన ఒక్కటే పలికింది.

అరికాల్లో గవ్వ చీరిన గాయం,
ఎన్నాళ్లదో అతనికే తెలియదు.
కడిగింది, కట్టు కట్టింది.
"ఇక పడవలోనూ చెప్పులే."
"చేపలు నవ్వుతాయి."
"నవ్వనీ."

వెళ్లబోతూ బల్ల మీది పోగు తీసి
రెండు వేళ్ల మధ్య నలిపి చూసుకున్నాడు.
"చేతికింకా తెలుస్తోంది" అన్నాడు.

బయట పదిమంది ఎదురుచూస్తున్నా
ఆ పోగు వెంటనే అడగలేదామె.