తెలియకపోతే వద్దను

ఇసకపల్లి ఉప్పు కొఠార్లకి ఈవల
రొయ్యల గుంట గట్టున రేకుల గది.
అందులో నేనూ, లాప్‌టాపూ,
అగ్గిపెట్టెంత బోర్డూ.
నీళ్ళలో ఊపిరి ఎంత మిగిలిందో
తెల్లారుజామున చెప్పాల్సింది అదే.

కెర్నల్‌కి అందులో ఉన్న చోటు
పదిహేనొందల కేబీ.
నేను కట్టింది మూడువేల నూటపది.
"సోలెడు గిన్నెలో తవ్వెడు బియ్యం
వండతా ఉండావు గదబ్బా"
అన్నాడు కాపలా మాలకొండయ్య.

మెనూ తెరిచాను. వరసకొక ప్రశ్న,
దాని కింద ఎవరో పెద్దమనిషి సలహా:
తెలియకపోతే వద్దను.

జాయ్‌స్టిక్ వద్దన్నాను, ఈ గట్టున ఎవరాడతారు.
సౌండు వద్దన్నాను, ఏరేటర్ల రొద చాలు.
సీడీలు చదివే విద్య,
మూతపడ్డ కంపెనీల డిస్కుల గుర్తులు,
నేను పుట్టకముందు నెట్‌వర్కు కార్డులు నలభై.
ఎవరో ఒకరు నిద్ర మానుకుని రాసినవే అన్నీ.
వేలు కాసేపు ఆగింది.
ఆగి, ఎన్ మీటే నొక్కింది.

మళ్ళీ కట్టడం. రెండువేల నాలుగొందలు.
టీ.
వేగం పోయినా సరే, చిన్నగా ఉండమన్నాను.
పదహారొందల పన్నెండు.
ఇంక తీసేదేమీ కనపడక
దాని మాట తీసేశాను:
లేస్తూ లేస్తూ వల్లించే వరసలూ,
నొప్పి పుడితే పెట్టే కేకా.
ఆ ఒక్కచోట సలహా వేరేగా ఉంది.
నేను చదవలేదు.

పద్నాలుగొందల తొంభై. పట్టింది.

మూడో రాత్రి మూడున్నరకి లైటు ఆరింది.
తీగ తగిలించి చూస్తే నల్లటి తెర,
ఒక్క అక్షరం లేదు.
చచ్చిందా, అలిగిందా, ఎవర్నడగాలి?
మాలకొండయ్య టార్చి వేశాడు.
రొయ్యలు పైకి తేలి మూతులాడిస్తున్నాయి.
పరిగెత్తి రెండో మోటారు ఆన్ చేసొచ్చి,
"గాలాడకపోతే ఇయ్యి జెప్తయ్యి" అన్నాడు రొప్పుతూ.
"నీదానికి నోరేదీ?"

పొద్దున్నే మాట వెనక్కి పెట్టాను.
దానికి బదులు,
రాబోయే కాలానికని దాచిన పొడుగు చిరునామాలు పోయాయి.
ఇసకపల్లికి ఇంకా పాతవి సరిపోతున్నాయి.
పద్నాలుగొందల తొంభై ఏడు.

తెల్లటి వరసలు పాకాయి.
రెండో మోటారు తిరగ్గానే కింద ఒకటి చేరింది:
వోల్టేజి చాలడంలేదు.

మాలకొండయ్య నా భుజమ్మీంచి తొంగిచూశాడు.
"ఏమంటుండాది?"
"ఆకలంట."
"మోటార్లతో ఒకే బంతిలో కూచోబెడితివి,
దానికేం మిగులుద్ది?" అంటూ
కటింగ్ ప్లయరు వెతకడానికి పోయాడు.