సూప్ వేడిగా ఉంది

మూడో అంతస్తు. నడవా చివర తలుపు.
ఇటువైపు ఏడేళ్ల పిల్ల, ఆటలో ఆ పిల్లవి నువ్వే.
అటువైపు,
నిన్న మధ్యాహ్నం నువ్వు మట్టి వేసి వచ్చిన అమ్మ గొంతు:
"సూప్... వేడిగా ఉంది. తలుపు తియ్యి."

అంతే. నెత్తురు లేదు, కోరలు లేవు.
గొళ్ళెం మాత్రం తనంతట తాను
వెంట్రుకవాసి కదులుతుంది.

ఆ మాటని రికార్డు చేసింది నేను.
బ్ర్నోలో, బేకరీ పైన అద్దెగదిలో,
గోడలకి పాత పరుపులు ఆనించి,
కింద పిండి కలిపే యంత్రం ఆగేదాకా కాచుకుని.
చెప్పింది వ్లాస్తా ష్మెర్దోవా,
ముప్పయ్యేళ్లు ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి.
నేను రాసిచ్చింది వేరే మాట.
చదివింది, కళ్లజోడు తీసింది,
"ఎవరూ అలా పిలవరు నాయనా" అంది.
"ఎలా పిలుస్తారో నేను చెబుతా. మీట నొక్కు."

ఒక్కసారే చెప్పింది.
డెబ్బై దాటిన గొంతులోంచి
ముప్పయ్యేళ్ల గొంతు బయటికొచ్చింది.
సూప్ అన్నాక ఆగిందే,
ఆ ఆగడంలో నా మెడమీద వెంట్రుకలు లేచాయి.
ఇంకోసారి చెప్పమని అడగబుద్ధి కాలేదు.

మొదటివారం హెడ్‌ఫోన్లు విసిరికొట్టారు.
దీపాలు ఆర్పకుండా పడుకున్నామని రాశారు.
ఒస్ట్రావాలో ఒకడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.
ఆ పడ్డం మాత్రం ఎవరో కత్తిరించి దాచారు,
పదకొండు సెకన్లు.
భయం కాలు జారింది అక్కడే.

తర్వాత పిల్లి.
ఫ్రిజ్ ముందు బైఠాయించిన బండపిల్లికి ఆ గొంతు.
పెనాల్టీ ఆపబోయే గోలీ చెవిలో ఆ గొంతు.
సోమవారం పొద్దున అలారానికి,
జీతం పడని ఒకటో తారీకుకి,
పళ్ల డాక్టరు గది తలుపుకి.
ఎవడో దానికి డోలు కలిపాడు.
బ్రెజిల్‌లో ఒక పెళ్లికొడుకు
ముక్క అర్థం తెలియకుండా మా భాషలో అదే అన్నాడు,
పెళ్లికూతురు పొట్ట పట్టుకుని తలుపు తీసింది.
మేజోళ్లొచ్చాయి. కప్పులొచ్చాయి.
మా అప్పు తీరింది.

నేనూ నవ్వాను. అబద్ధమెందుకు,
అందరికన్నా ఎక్కువే నవ్వాను.
నవ్విన ప్రతిసారీ
ఆ పరుపుల గదిలో కొంచెం వెలుతురు పెరిగినట్టుండేది.

జూన్‌లో ఆమె వాటా డబ్బూ, ఒక కప్పూ పట్టుకెళ్లాను.
కప్పుని అటూ ఇటూ తిప్పి చూసింది.
"యాభై రెండులో," అంది,
"మా నాన్న అటకమీద తొమ్మిది రోజులు దాక్కున్నాడు.
పదో రాత్రి గుమ్మంలో పక్కింటి హెద్వికా గొంతు.
ఆమె వెనక ఎన్ని బూట్లున్నాయో
గొంతులో తెలియదు కదా.
గొళ్ళెం అప్పటికే నాకు అందేది."

అదే కప్పులో టీ పోసుకుంది.
"బాగా అమ్ముడుపోతున్నాయా ఇవి?"

నాకు నోరు పెగల్లేదు.

ఆ సాయంత్రమే, కంటాసుపత్రికి తీసుకెళ్తుంటే,
నాలుగో నంబరు ట్రాములో
వెనక సీట్లలో బడిపిల్లలు ఆరుగురు.
ఒకడి ఫోన్‌లో పిల్లి.
అందరూ కలిసి ఆ మాట, పడీపడీ నవ్వు,
మళ్ళీ ఆ మాట.

ఒక స్టాపు దాటనిచ్చింది వ్లాస్తా.
తర్వాత వెనక్కి తిరిగి,
టికెట్లడిగే పాత గొంతుతో
"అలా కాదు" అంది.
"సూప్ అన్నాక ఆగాలి."

ఆగి, చెప్పింది.

ఫోన్‌లో పిల్లి ఒక్కతే ఇంకా మాట్లాడుతోంది,
చిన్నగా, అరచేతి కింద.
ఎర్రసంచీ పిల్ల తనది కాని స్టాపులో
మీట నొక్కింది.
ట్రాము ఆగింది.
మిగతా అయిదుగురూ తలుపు వైపు చూశారు.

అది తనంతట తాను తెరుచుకుంది.