హాజరు

రెండో ఆదివారం, సాయంత్రం అయిదు.
తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ మేడమీద
మా మాటల సంఘం.
మినిట్స్ రాసేది నేను.
రాయడం వచ్చని కాదు,
నా అక్షరమొక్కటే అందరికీ తెలుస్తుందని.

పుస్తకం కూడా ఫ్యాక్టరీదే.
ముందు పేజీల్లో లారీ నంబర్లు, అడుగుల లెక్క,
బాకీల కింద ఎర్రగీతలు,
ఒక ఖాళీ పేజీ,
ఆ తర్వాత మేము.

చర్చాంశం: కళ ఎందుకు?
మూడు నెలలుగా ఇదే చర్చాంశం.

డ్రాయింగు మాస్టరు ఓబుళపతి గారు
తువ్వాలు మడిచి తొడమీద పెట్టుకొని
"చెయ్యి లేనిది కళ కాదు" అని మొదలుపెట్టినారు.
ముప్పయ్యేళ్లు పిల్లోళ్లతో జామకాయ గీయించిన మనిషి.
ఒకే ఒక్కడు, పురుగు తొలిచిన కాయ గీసినాడంట.
వానికెన్ని మార్కులేసినారో మాత్రం చెప్పలేదు.

సుంకన్న నాయన చెయ్యి గనిలో పోయింది.
ఆ మాట వాని ముందర మేమెవరమూ తేలిగ్గా అనం.
మాస్టరు మర్చిపోయినారు.
ఫ్యాను చప్పుడు పెద్దదైంది.
"ఎవరికి సార్ మీ జామకాయ?" అన్నాడు వాడు నిదానంగా.
"ఆకలైనోనికా, గోడకా?"

అప్పుడొచ్చింది మాబున్ని,
మూడో నంబరు మిషన్ దగ్గర షిఫ్టు దిగి,
మోచేతుల దాకా రాతి బురద తెల్లగా ఆరిపోయి,
గోనెపట్టలో చుట్టిన పలకొకటి పట్టుకొని.
బెంచీమీద పెట్టి, కొంగుతో తుడిచి,
ఇన్ని నీళ్లు చల్లింది.

బూడిదరంగు బండ నల్లబడింది.
లోపల్నుంచి ఒక చెట్టు పైకొచ్చింది.
చెట్టు కాదు, చెట్టు మాదిరి.
సన్నని నల్ల ఈనెలు, కొమ్మకు కొమ్మ,
కొసన ఇంకో కొమ్మ,
ఎవరో ఊపిరి బిగబట్టి గీసినట్టు.

"దీన్నెవరూ గీయలేదు," అన్నారు మాస్టరు
కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకొని.
"ఇది ఎవరికోసమూ లేదు," అన్నాడు సుంకన్న,
అంటూనే ఇంకొంచెం వంగి చూసినాడు.
ఓనరు చిదంబర రెడ్డి ఆకుకు సున్నం పూసుకుంటా
"మరక బండ. సెకండ్స్. అడుగు పదకొండు రూపాయలు."
నిజం చెప్పల్లంటే ఆ పొద్దు
కచ్చితంగా మాట్లాడింది ఆయనొక్కడే.

"నువ్వేమంటావమ్మా?"
అనడానికి మాబున్ని ఏమీ తెచ్చుకోలేదు.
"దినానికి రెండొందల బండలు సూస్తా సార్.
నూటా తొంభై తొమ్మిది పోనిచ్చినా.
దీన్ని పోనీయలేకపోతి.
పక్కన పెట్టినా. అంతే."

అంతే, అని రాసుకున్నాను.

ఆ అంతే మీద గంటన్నర కొట్లాడినాం.
పక్కన పెట్టేదే కళైతే
బియ్యంలో రాళ్లేరే మనిషి సంగతేమి?
ఆమె పక్కన పెట్టేది రాళ్లను కదా?
"పోనివ్వనిది ఒకటుండల్ల మనిషికి" అన్నాడు సుంకన్న.
అని, అది ఎవరి పక్షమో తెలియక
తానే ఆగిపోయినాడు.
మాస్టరు ఆ పిల్లోని పేరు గుర్తు తెచ్చుకుంటున్నారు, రావడం లేదు.
మాబున్ని గోళ్లలో బురద గీక్కుంటా కూర్చుంది.

నీళ్లు ఆరేకొద్దీ చెట్టు వెనక్కి పోతాంది.
ఎవరో ఒకరు లేచి, వాదన ఆపకుండానే,
చెంబులో నీళ్లు చిలకరించి వచ్చి కూర్చుంటున్నారు.
నేను లెక్కపెట్టినా, అయిదుసార్లు.
అందులో రెండుసార్లు చిదంబర రెడ్డి.

వచ్చే నెలకు బండ లేదు.
మరక సరుకుతో కలిసి లోడు పోయిందంట.
"యాడికి పోయిందప్పా?" అంటే
"యాడికి కాదు సార్, ఇంకా పైకి" అన్నాడు డ్రైవరు.
మేము ఊరి పేరు అడగలేదని
వానికెట్ల చెప్పేది.

ఎవరింటి స్నానాలగదిలోనో పరిచుంటారు.
తెల్లారి ఎవరో చెంబుడు నీళ్లు పోసుకుంటారు,
కాళ్ల కింద చెట్టు లేస్తుంది.
సబ్బు కండ్లలో పడి చూడరు.
చూస్తారేమో కూడా.

ఆ నెల మినిట్స్‌లో
తీర్మానం దగ్గర ఏమీ లేదు.
హాజరు మాత్రం సరిగ్గా రాసినాను:
ఏడుగురు సభ్యులు, ఒక బండ.
సంతకాల పక్కన, పేజీ అంచున
తెల్లటి రాతిదుమ్ము వేలిగుర్తు.
ఎవరిదో తెలుసు.
ఊదితే పోతుంది.
ఊదలేదు.